హౌరా బ్రిడ్జి, బాబాయ్, ఒక తెగని లెక్క

మా బాబాయ్ హౌరా బ్రిడ్జిని నడిచి దాటాలనుకోవడానికి కారణం చాలా చిన్నది. ఒక లెక్క సరిచూసుకోవాలి, అంతే.

ఆయన రైల్వేలో బ్రిడ్జి ఖలాసీగా చేరి, మేస్త్రీగా రిటైరైన మనిషి. సర్వీసులో సగానికి పైగా రాజమండ్రిలో గోదారి మీదే గడిచింది. 1897లో మొదలై 1997లో ఆఖరి రైలుని పంపించిన హేవలాక్ వంతెన మీద సుత్తి పట్టుకుని తిరిగాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వీళ్ల గ్యాంగులో ఒక బెంగాలీ మేస్త్రీ ఉండేవాడట. ఏ పని చేస్తున్నా "ఇదీ ఒక బ్రిడ్జేనా, మా హౌరా చూడు" అనడం ఆయనకి అలవాటట. హుగ్లీ నదిలో ఒక్క స్తంభం కూడా లేదనీ, రోడ్డంతా పైనుంచి ఉక్కు హ్యాంగర్లతో వేలాడుతుందనీ, ఆ హ్యాంగర్లు పక్కకి ముప్పై తొమ్మిది ఉంటాయనీ చెప్పేవాడట. "ముప్పై తొమ్మిదేంటి, నలభై ఎందుక్కాదు?" అని బాబాయ్ అడిగితే "వెళ్లి లెక్కపెట్టుకో" అన్నాడట.

ఆ మాట పట్టుకుని నలభై ఐదేళ్ల పైచిలుకు ఊరుకుని, డెబ్బై రెండో ఏట, మొన్న జనవరి చివర్లో లెక్కపెట్టడానికి బయల్దేరాడు. పాస్ ఆయనది, టికెట్ నాది. పిన్ని నన్ను తోడు పంపించింది. "దారిలో ఏ వంతెన వచ్చినా డోరు దగ్గరికి వెళ్లనివ్వకు" అని మరీ చెప్పింది. గోదారి దాటేటప్పుడు వెళ్లాడు. మహానది దాటేటప్పుడు వెళ్లాడు. ఆ తర్వాత నేను పట్టించుకోవడం మానేశాను.

రైలు ఆలస్యమై, మేము హౌరాలో దిగేసరికి సాయంత్రం ఆరు దాటింది. అక్కడ చలికాలంలో అయిదున్నరకే చీకటి పడిపోతుంది. స్టేషన్ బయటికి రాగానే బ్రిడ్జి ఎదురుగానే ఉంది. వెతుక్కోనక్కర్లేదు, అది తప్ప ఇంకేమీ కనబడదు. దానికి రంగురంగుల లైట్లు పెట్టారు. ఊదా, ఆకుపచ్చ, ఎరుపు మారుతూ ఉన్నాయి. "పెళ్లిపందిరి చేశారేంట్రా దీన్ని" అన్నాడు బాబాయ్, కానీ కళ్లు తిప్పుకోలేదు.

లాడ్జి నదికి అవతలి గట్టున, కోల్‌కతాలో ఎస్‌ప్లనేడ్ దగ్గర. "సామాన్లతో వద్దు, రేపు పొద్దున్న వద్దాం" అన్నాను. "రైలు దిగినవాడు కోల్‌కతాలోకి వెళ్లే దారే ఇది. నడిచే వెళ్దాం" అన్నాడు. సరే అని ట్రాలీ బ్యాగు ఈడ్చుకుంటూ ఫుట్‌పాత్ ఎక్కాం. యాభై అడుగులు కూడా వేసుండం. ఆఫీసులు వదిలేసిన టైము. కోల్‌కతాలో పనిచేసే జనమంతా లోకల్ రైళ్లు పట్టుకోవడానికి హౌరా వైపు వస్తున్నారు. మేము వాళ్లకి ఎదురు. పుష్కరాల్లో కూడా జనం కాస్త ఆగి ఆగి నడుస్తారు. వీళ్లు ఆగరు, పరుగులాంటి నడక, చూపు వాచీ మీద. ఎవరూ తిట్టలేదు, ఎవరూ తొయ్యలేదు కూడా. కానీ బ్యాగు మాత్రం ఎవరి కాళ్లకో తగిలి, పడి, లేచేసరికి ఒక చక్రం లేదు. చీకట్లో ఆ చక్రం కోసం వంగితే మనం కూడా మిగలం. వెనక్కి తిరిగాం. తిరగ్గానే ఆ ప్రవాహమే మమ్మల్ని తీసుకెళ్లి స్టేషన్ ముందు దింపేసింది.

ఎవరైనా వెళ్లేవాళ్లుంటే చెబుతున్నాను. సాయంత్రం హౌరా నుంచి కోల్‌కతా వైపు నడవకండి. పొద్దున్న పది గంటలప్పుడు కోల్‌కతా నుంచి హౌరా వైపు నడవకండి. ఈ రెండూ తప్పిస్తే మిగతా రద్దీని ఎలాగోలా తట్టుకోవచ్చు.

ఆ రాత్రి మెట్రోలో వెళ్లాం. నది కింద నుంచి పోయే మెట్రో అది, 2024 మార్చిలో మొదలైంది. నది అడుగున సొరంగం 520 మీటర్లు. ముప్పావు నిమిషంలో అయిపోతుంది. ఆ కాసేపూ కిటికీ అవతల నీలం లైట్లు కనిపిస్తాయి, అదే నది అని గుర్తు. పెట్టెలో అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. బాబాయ్ చక్రం ఊడిన బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "నది దాటామంటే నన్ను నమ్మమంటావా?" అన్నాడు. నాకూ సమాధానం దొరకలేదు.

మర్నాడు అయిదింటికే లేచాం. ఆయనకి హౌరా వైపు నుంచే మొదలుపెట్టాలని పంతం. అంత పొద్దున్న మెట్రో లేదు. పసుప్పచ్చ టాక్సీ ఒకటి దొరికింది. డ్రైవర్ మమ్మల్ని బ్రిడ్జి మీదుగా తీసుకెళ్లి స్టేషన్ ముందు ఆపి, "ఏ రైలు?" అని అడిగాడు. రైలు లేదు, నడిచి వెనక్కి వెళ్తాం అన్నాను. అతను నా మొహం చూశాడు, బాబాయ్ మొహం చూశాడు, డబ్బులు తీసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి ఫుట్‌పాత్ ఎక్కడం ఒక పరీక్ష. స్టేషన్ ముందు సబ్‌వే ఉంది. దానికి చాలా నోళ్లు. ఒకటి బస్సులకి, ఒకటి ఫెర్రీ ఘాట్‌కి, ఇంకోటి ఇంకెక్కడికో. బోర్డులు చదువుకుంటూ వెళ్లి పైకి తేలితే పడవల రేవు ముందు ఉన్నాం. మళ్లీ దిగాం. ఈసారి బాబాయ్ బోర్డులు చూడలేదు. నెత్తిన పూలబుట్టలున్న నలుగురు లోకల్ రైలు దిగి పోతుంటే "వీళ్ల వెనకాల పద" అన్నాడు. రెండు నిమిషాల్లో బ్రిడ్జి మీద ఉన్నాం. కోల్‌కతా వైపు తిరిగి నిలబడితే కుడి చేతి ఫుట్‌పాత్, అంటే బ్రిడ్జికి దక్షిణం వైపుది. మనకి కావాల్సింది ఇదే. అవతలి గట్టున పూల మార్కెట్లోకి మెట్లు దిగేది ఇటు పక్కే. ఎడమ వైపు ఫుట్‌పాత్ పట్టుకుంటే అక్కడ రోడ్డు దాటడానికి మళ్లీ కష్టపడాలి.

బ్రిడ్జి పొడవు 705 మీటర్లు. మామూలుగా నడిస్తే పది, పదిహేను నిమిషాలు. మాకు గంటకి పైనే పట్టింది.

మొదట గమనించాల్సింది ఫుట్‌పాత్ ఉన్న చోటు. అది రోడ్డు పక్కన గట్టు కట్టినట్టు ఉండదు. హ్యాంగర్లకి ఈవల బస్సులు, ఆవల మనుషులు. నడక దారి బ్రిడ్జి నుంచి బయటికి చాచినట్టు పదిహేను అడుగుల వెడల్పున ఉంటుంది. ఎడమ చేతి వైపు ఒకదాని తర్వాత ఒకటి ఉక్కు హ్యాంగర్లు, కుడి చేతి వైపు రెయిలింగు, దాని అవతల నది. బాబాయ్ మొదటి హ్యాంగర్ దగ్గర ఆగి, దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టి "ఒకటి" అన్నాడు.

నాలుగో దాని దగ్గర నేను నెట్లో చదివిన విశేషం చెప్పాను. ఇంత పెద్ద బ్రిడ్జికి ఒక్క నట్టు, ఒక్క బోల్టు కూడా వాడలేదట అని. నన్ను జాలిగా చూశాడు. "అప్పట్లో ఏ ఉక్కు వంతెనకి వాడార్రా? మన హేవలాక్ కూడా రివెట్లే. దీనికి మెచ్చుకోవాల్సింది అది కాదు."

రివెట్ అంటే ఆయన నోరు ఆగదు. తలున్న లావుపాటి మేకులాంటి ఆ రివెట్‌ని కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్టుకారుతో తీసి, కన్నంలో దూర్చి, ఒకడు ఇటు పక్క తలకి డాలీ అనే బరువైన ఇనుప పనిముట్టు ఆనించి బలంగా పట్టుకుంటే ఇంకొకడు అటు పక్క మొనని కొట్టి తల చేస్తాడు. అది చల్లారేటప్పుడు ముడుచుకుని రెండు పలకల్నీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. బిగించేది సుత్తి కాదు, చల్లారడం. ఇన్నేళ్లూ నాకు తెలియనిది అది. సడలిన రివెట్‌ని పట్టుకునే పద్ధతి కూడా చూపించాడు. తలకి ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొట్టాలి. గట్టిగా ఉన్నది ఖణేల్‌మంటుంది, వేలికి ఏమీ తెలియదు. సడలింది మొద్దుగా పలుకుతుంది, వేలి కింద చిన్న కదలిక వస్తుంది. సుత్తి లేదు కాబట్టి అయిదు రూపాయల బిళ్ల తీసి, ఒక హ్యాంగర్ మీద రివెట్ తలకి వేలు ఆనించి టక్కున కొట్టాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఇంకో దాన్ని కొట్టాడు.

మూడోది కొట్టేలోపు ఒక పోలీసు వచ్చాడు. నాకు టెన్షన్ మొదలైంది. తెల్లవారకముందే ఇద్దరు పరాయి మనుషులు, హౌరా బ్రిడ్జి, ఒకడు బిళ్లతో కొట్టి వింటున్నాడు. ఏమని చెప్పాలి? బాబాయ్ మాత్రం తొణకలేదు. ముప్పై ఎనిమిదేళ్ల రైల్వే హిందీలో "రిటైర్డ్ బ్రిడ్జి స్టాఫ్, సౌత్ సెంట్రల్" అన్నాడు, సెల్యూట్ కొట్టినంత నిటారుగా నిలబడి. ఆ పోలీసు కాసేపు చూసి, "ఠీక్ హై?" అని రివెట్ వైపు చెయ్యి చూపించాడు. "ఫస్ట్ క్లాస్" అన్నాడు బాబాయ్. పోలీసు నవ్వి, నా చేతిలోని ఫోన్ చూపించి, దాన్ని జేబులో పెట్టమని సైగ చేసి వెళ్లిపోయాడు. ఈ బ్రిడ్జి మీద ఫోటోలు తీయకూడదన్న నిబంధన ఏళ్లుగా ఉంది. చాలామంది తీస్తూనే ఉంటారు గానీ నేను ఆ తర్వాత తీయలేదు. దానివల్ల నష్టమేమీ జరగలేదు. ఫోన్ చూస్తూ నడిస్తే అక్కడ నిలబడలేం.

ఎందుకంటే ఆ ఫుట్‌పాత్‌కి అసలు యజమానులు బరువులు మోసేవాళ్లు. మన దగ్గర ముఠా కూలీలు, హమాలీలు అంటాం. నెత్తిన చుట్టకుదురు, దాని మీద మనిషి కన్నా వెడల్పున్న బుట్ట. మెడ కదల్చడానికి లేదు కాబట్టి పక్కకి చూడరు. మోకాళ్లు కాస్త వంచి, అంగలు చిన్నవి చేసి, పరుగుకీ నడకకీ మధ్యలో ఒక ఊపులో వస్తారు. ఆ ఊపు ఆగితే బరువు మీద పడుతుంది. అందుకని తప్పుకోవాల్సింది మనమే. "సైడ్, దాదా, సైడ్" అన్న మాట వెనకాల వినబడిందంటే తిరిగి చూడకూడదు, రెయిలింగు వైపు జరిగిపోవాలి. తిరిగి చూస్తే ఆ ఒక్క క్షణం చాలు. బాబాయ్ తిరిగి చూశాడు. బంతిపూల బుట్ట అంచు ఆయన భుజానికి రాసుకుంటూ పోయింది. దెబ్బ తగల్లేదు గానీ పక్కకి తూలి, రెయిలింగు పట్టుకుని, "పదిహేడు. గుర్తుపెట్టుకోరా" అన్నాడు.

పెట్టుకున్నాను. అక్కడి నుంచి నా బాధ్యత.

కాస్త ముందుకి వెళ్లాక హ్యాంగర్ల అడుగు భాగం చూపించాను. ఫైబర్ తొడుగులు వేసి ఉన్నాయి. తొడుగుల మీద ఎర్రటి చారలు. కారా కిళ్లీ, పాన్ నమిలి ఉమ్మేవాళ్ల దెబ్బకి అక్కడి ఉక్కు కవచాల మందం 6 మిల్లీమీటర్ల నుంచి 3కి పడిపోయిందని పదిహేనేళ్ల కిందట వార్తలొచ్చాయి. సున్నం, ఉమ్మి కలిసి ఉక్కుని తినేస్తాయి. బ్రిడ్జి బాగోగులు చూసేది పోర్టువాళ్లు. వాళ్లు ఆఖరికి ఉమ్మి తగిలినా ఏమీ కాని ఫైబర్ వేశారు. ఉమ్మొద్దని చెప్పి లాభం లేదని తేలాక చేసే పని అది. బాబాయ్ వంగి, తొడుగు అంచు దగ్గర గోటితో గీకి చూసి, "గోదారి మీద మాకు ఈ గొడవ లేదు. అక్కడ నడిచేవాళ్లు లేరు కదా" అన్నాడు. నిజమే. హేవలాక్ రైలు బ్రిడ్జి. దాని మీద నడిచింది వీళ్ల గ్యాంగే.

మధ్యకి వచ్చేసరికి తూర్పున ఎరుపు వచ్చింది. అక్కడ నిలబడితే కాళ్ల కింద వణుకు తెలుస్తుంది. ఒక్కో బస్సు పోయినప్పుడు ముందు అరికాలికి, తర్వాత రెయిలింగు పట్టుకున్న చేతికి. నాకు గుండె జారింది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని రెయిలింగు మీద చెయ్యి వేసి ఉంచాడు, నాడి చూసే వైద్యుడిలా. "కదలాలి. కదలకపోతే భయపడాలి" అన్నాడు. తర్వాత వెనక్కి నాలుగడుగులు నడిపించి, నేల మీద అడ్డంగా ఉన్న ఒక చీలిక చూపించాడు. ఎండకి ఉక్కు సాగడానికి వదిలిన జాయింటు. దానికి చెరో పక్కా కాళ్లు పెట్టి నిలబడమన్నాడు. ఒక లారీ వచ్చింది. రెండు కాళ్లూ ఒకే సమయంలో వణకలేదు.

అప్పుడు చెప్పాడు మెచ్చుకోవాల్సింది ఏమిటో. చెయ్యి చాచి చూపించాడు. "ఈ గట్టున ఒక మనిషి, ఆ గట్టున ఒక మనిషి నిలబడ్డారనుకో. వెనక చెయ్యిని నేలకి కట్టేశారు. ముందు చెయ్యి నది మీదికి చాచారు. ఇద్దరి వేళ్ల మధ్యా ఒక ఉయ్యాల పలక వేలాడుతోంది. మనం ఇప్పుడు ఆ పలక మీద ఉన్నాం." లెక్కల్లో అది ఇలా ఉంటుంది: వెనక చెయ్యి 325 అడుగులు, ముందు చెయ్యి 468, నడిమి పలక 564. రెండు స్తంభాల మధ్య మొత్తం 1500 అడుగులు. మన హేవలాక్‌లో నూటయాభై అడుగులకో స్తంభం, 56 స్పాన్లు. అంటే అక్కడ పది స్పాన్లు పట్టే దూరాన్ని ఇక్కడ ఒక్క గెంతులో దాటేశారు.

అలా ఎందుకు గెంతాల్సి వచ్చిందంటే ఇది ఓడలు తిరిగే నది. అంతకుముందు 1874 నుంచి ఇక్కడ పడవల మీద తేలే వంతెన ఉండేది. ఓడలు వచ్చినప్పుడల్లా నడిమి భాగం తప్పించి దారి ఇవ్వాలి. అప్పుడు రెండు గట్ల మీదా జనం, బళ్లు ఆగిపోవాల్సిందే. కొత్త బ్రిడ్జి పని యుద్ధకాలంలో సాగింది. ఇంగ్లండు నుంచి ఉక్కు రావడం కుదరక, మొత్తం 26,500 టన్నుల్లో 23,000 టన్నులు టాటా వాళ్లే ఇచ్చారు. 1943 ఫిబ్రవరి 3న ఏ వేడుకా లేకుండా తెరిచారు. జపాన్ విమానాల భయం. అంతకు నెలన్నర ముందే కోల్‌కతా మీద బాంబులు పడ్డాయి. ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడిన రోజు గురించి ఆయన చెప్పేవాడు. మొదట ఈ బ్రిడ్జి దాటింది ఒక ట్రామ్ అంటారు. 1993 దాకా ట్రాములు దీని మీద తిరిగాయి. 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టారు. పొద్దుటి నుంచి ఎవరి నోటా ఆ పేరు నేను వినలేదు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఈ మాటల్లో పడి, మళ్లీ నడక మొదలుపెట్టాక ఆయన "ఎంతన్నానురా?" అంటే "పద్దెనిమిది" అన్నాను. అవతలి గట్టు చేరేసరికి ఆయన లెక్క ముప్పై ఏడు దగ్గర ఆగింది. "జాయింటు దగ్గర వెనక్కి నడిచాం కదా, అక్కడేమైనా తప్పామా?" అన్నాను. "నువ్వు పద్దెనిమిది అన్నావు. నేను అంతకన్నా ఎక్కువే చెప్పినట్టు గుర్తు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బ్రిడ్జి చివర మెట్లు దిగితే మల్లిక్ ఘాట్ పూల మార్కెట్. మా ఊరివాళ్లకి పూలంటే కడియపులంక. దాన్ని చూసిన కళ్లతో కూడా దీన్ని పోల్చడం కష్టం. అక్కడ గుట్టలు పోస్తారు, ఇక్కడ తాళ్లలా చుట్టలు చుడతారు. బంతిపూల దండలు చెయ్యి లావున, మోకు కట్టల్లా ఒకదాని మీద ఒకటి. కాళీమాతకి ఎర్ర మందారాల మాలలు. మనం లిల్లీ అనే పూలని అక్కడ రజనీగంధ అంటారు, కట్టలు కట్టలుగా తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. సరస్వతీ పూజ నాలుగు రోజుల్లో ఉంది, ఎటు చూసినా పసుపే. నేల మీద పూరేకులు, తొడిమలు, బురద కలిసి మడమల దాకా వస్తాయి. చెప్పులు వేసుకుని వెళ్లకండి, బూట్లు వేసుకోండి. నా ఎడమ చెప్పు తెగింది. కోల్‌కతాలో నా రెండో నష్టం అది.

మార్కెట్ దాటి ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. చిన్న మట్టి పిడతల్లో టీ. తాగేసి పిడతని కింద పడేయడానికి బాబాయ్‌కి మనసొప్పలేదు, కడిగి సంచిలో వేసుకున్నాడు. మెట్ల మీద ఒకాయన ఒంటికి నూనె మర్దన చేయించుకుంటున్నాడు, ఇంకొకరు స్నానం చేసి సూర్యుడికి నీళ్లు వదులుతున్నారు. కుడి పక్కన మొత్తం బ్రిడ్జి, పొగమంచులో అవతలి చివర కరిగిపోయి. పైన ఇందాక మేము నడిచిన చోట తలలు, బుట్టలు ఒక గీతలా కదులుతున్నాయి.

అప్పుడు బాబాయ్ నీళ్ల వైపు చూసి, "ఒరేయ్, ఇది ఎటు పోతోంది?" అన్నాడు. గుర్రపు డెక్క తుట్టెలు తుట్టెలుగా తేలుతూ బ్రిడ్జి కిందికి, అంటే ఉత్తరానికి వెళ్తున్నాయి. సముద్రం దక్షిణాన ఉంటే నది ఉత్తరానికి పోవడమేంటి? పోటు సమయం. సముద్రం నీరు ఇక్కడి దాకా ఎదురొచ్చి నదిని వెనక్కి నెడుతుంది. రాజమండ్రిలో పుట్టి పెరిగినవాడికి నది ఒక వైపే పోతుంది. డెబ్బై రెండేళ్లలో ఆయన నది వెనక్కి నడవడం చూడలేదట. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నదిలో స్తంభాలు ఎందుకు వేయలేదో ఇప్పుడు అర్థమైంది. ఇది పొద్దునొకలా, సాయంత్రం ఒకలా తోస్తుంది. ఇసుక మేట వేస్తే ఓడలు ఎటు పోతాయి" అన్నాడు. నేను పుస్తకాల్లో చదివిన కారణాన్ని ఆయన గుర్రపు డెక్క చూసి కనిపెట్టాడు.

ఎనిమిది దాటాక ఆర్మేనియన్ ఘాట్ దాకా నడిచి ఫెర్రీ ఎక్కాం. టికెట్ పది రూపాయల లోపే. రేవు కూడా తేలే రేవే, పోటుకి లేస్తుంది, పాటుకి దిగుతుంది. మేము వెళ్లేసరికి దాని మీదికి దిగే ఇనుప వంతెన దాదాపు చదునుగా ఉంది. పడవలో జనం ఎక్కువే, కూర్చునే చోటు దొరకలేదు. బాబాయ్‌కి అది అవసరం లేదు. ఉత్తరం వైపు అంచుకి వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

నది మధ్య నుంచి బ్రిడ్జి పూర్తిగా కనిపిస్తుంది. మీద నడిచినప్పుడు ముక్కలు ముక్కలుగా చూసిందంతా ఇక్కడ ఒక్క బొమ్మ. రెండు స్తంభాలు, వెనక చేతులు, ముందు చేతులు, మధ్యలో పలక. దాని కింద ఖాళీ, ఒట్టి నీళ్లు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక బాబాయ్‌కి దూరపు చూపు నాకన్నా బాగుంది. వేలు గాల్లో పెట్టి, ఒక్కో హ్యాంగర్‌నీ పొడుస్తున్నట్టు, కోల్‌కతా చివర నుంచి మొదలుపెట్టాడు. నన్ను నోరెత్తొద్దన్నాడు. పక్కన నిలబడ్డ కుర్రాడు ఏం చూస్తున్నారని నన్ను అడిగితే నేను పెదవుల మీద వేలు పెట్టాను. వాడు కూడా చూడ్డం మొదలుపెట్టాడు.

ఇరవై రెండు. ఇరవై మూడు. ఎదురొస్తున్న నీటికి పడవ కొంచెం పక్కకి కొట్టుకుపోయింది, ఆయన వేలు కదల్లేదు. ముప్పై. ముప్పై ఒకటి. హౌరా రేవు దగ్గరికొచ్చాక పడవ ప్రవాహానికి ఎదురుగా ముక్కు తిప్పింది. వీళ్లు రేవుకి ఆనించడం అలాగే. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ఆ తర్వాత రేవు రేకుల కప్పు అడ్డొచ్చింది. పడవ టైర్లకి కొట్టుకుని ఆగింది, జనం దూకేశారు.

బాబాయ్ వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"నలభై కాదని తేలింది కదా" అన్నాను.

"ముప్పై తొమ్మిదని తేలలేదుగా" అని, గట్టెక్కి, అటువైపు టికెట్ కౌంటర్ క్యూలో నిలబడ్డాడు.